పాత సినిమాల్లో హీరో చెయ్యి చేసుకునే సీన్లు: నలుగురిలో వేసేటప్పుడు ఏం చేయాలి?

శనివారం_సినిమా:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్. నెలకోసారి శనివారం సాయంత్రం కింద హాల్లో ప్రొజెక్టర్ పెట్టి ఒక పాత తెలుగు సినిమా వేస్తాం. పెద్దవాళ్లు, పిల్లలు, అమ్మమ్మలు అందరూ వస్తారు, టీ, పకోడీ కూడా ఉంటాయి. మాయాబజార్, మిస్సమ్మ వేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి 1953 దేవదాసు అనుకున్నాం.

వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెట్టగానే మూడో అంతస్తులో ఉండే ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "అంకుల్, అందులో దేవదాసు పార్వతిని నుదుటి మీద కర్రతో కొడతాడు కదా, ఆ మచ్చని ఆవిడ ప్రేమగుర్తులా దాచుకుంటుంది. పదేళ్ల పిల్లలు కూడా వస్తున్నారు కాబట్టి ముందు ఒక మాటైనా చెప్తారా?" అని. మర్యాదగానే అడిగింది. దానికి ఒక పెద్దాయన "డెబ్బై ఏళ్లుగా ఎవరికీ కనబడని తప్పు మీకు కనబడిందా, అక్కినేనినీ సావిత్రినీ కూడా వదలరా" అన్నారు. అక్కణ్ణుంచి గ్రూపులో రెండు రోజులు అదే గొడవ. ఒకరు ఆ ముక్క కట్ చేసి వేద్దాం అంటారు, ఒకరు సిగరెట్ సీన్ల కింద వేసినట్టు హెచ్చరిక వేద్దాం అంటారు, ఇంకొకరు అసలు ఈ సినిమా వద్దు, ఏదైనా కామెడీ వేసుకుందాం అంటున్నారు.

నాకు ఆ సినిమా అంటే ప్రాణం. అమ్మాయి అడిగింది న్యాయంగానే ఉంది, పెద్దాయన నొచ్చుకోవడం కూడా అర్థమవుతోంది. ఇలాంటి షోలు నడిపినవాళ్లు, పాత సినిమాలు బాగా చూసినవాళ్లు చెప్పండి. కట్ చేయాలా, ముందు మాట్లాడాలా, మార్చేయాలా? ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలని ఉంది. ఈ సీన్లని జనం చూసే తీరు నిజంగా మారిందా, లేక మాట్లాడేవాళ్లు మాత్రమే పెరిగారా?

గుంటూరు_మాస్టారు:

బాబూ, ఒక్క ఫ్రేమ్ కూడా కట్ చేయకండి. ఆ దెబ్బ తీసేస్తే తర్వాత పార్వతి నుదుటి మచ్చకి అర్థమే ఉండదు. ఈ సినిమాకి మూలమైన శరత్ నవల అచ్చయింది 1917లో, అది బెంగాలీ జమీందారీ పల్లెటూరి కథ. చక్రపాణి గారి లాంటివారు శరత్‌ని తెలుగులోకి తెచ్చాక మన ఇళ్లలో అందరూ అది మన కథే అన్నట్టు చదువుకున్నారు. ఆ కాలం మనుషుల్ని ఆ కాలంలోనే పెట్టి చూడాలి. ఇప్పటి కళ్లతో కొలిస్తే పాతవాటిలో ఏదీ నిలవదు.

ఇంకో మాట. మన దగ్గర ఎప్పుడూ మగవాడే కొట్టాడు, ఆడది పడింది అనడం కూడా సరికాదు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో కృష్ణుణ్ణి తలమీద తన్నింది. 1966 శ్రీకృష్ణ తులాభారంలో జమున గారు ఆ పని చేస్తే, అవతల ఎన్టీఆర్ అంతటి ఆయన పడ్డారు. రాముడిగా కృష్ణుడిగా జనం హారతులు పట్టిన మనిషి ఆయన. ఆ సీను తీయగలిగిన పరిశ్రమ అది. ఒక వైపు మాత్రమే చూపించి పాత సినిమాలన్నీ ఆడవాళ్లని కొట్టే సినిమాలు అని ముద్ర వేయకండి, అదే నా బాధ.

వెన్నెల_87:

మాస్టారూ, నమస్తే. కట్ చేయొద్దన్న మాట వరకు నేనూ మీ వైపే. కానీ సత్యభామని మీరే తెచ్చారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఆవిడ కాలెత్తినందుకు ఆ కథ ఎంత సర్దుబాటు చేయాల్సొచ్చిందో చూడండి. ముందు ఆవిడకి అంత కోపం ఎందుకొచ్చిందో వివరంగా చెప్పాలి. తన్నాక కృష్ణుడు నాకేం కాలేదు, నీ మెత్తటి పాదమే నొచ్చిందేమో అనాలి. తులాభారం కథలో చివరికి ఆవిడ నగలన్నీ తక్కెడలో పోసినా సరిపోక, రుక్మిణి వేసిన తులసిదళం ముందు ఆవిడ గర్వం అణగాలి. ఆడది కాలెత్తితే కథ మొత్తం దానికి జవాబు చెప్పుకుంటూ పోతుంది. అదే మన సాంఘిక సినిమాల్లో హీరో భార్యని చెంపమీద కొడితే ఎవరు జవాబు చెప్పారు? మరుసటి సీన్లో ఆవిడ తలంటుకుని పూలు పెట్టుకుని పాలగ్లాసుతో వస్తుంది, డ్యూయెట్ మొదలవుతుంది. కొట్టిన చెయ్యి గురించి ఇంకెవరూ మాట్లాడరు.

నేను పాత సినిమాలు చాలా చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. దెబ్బ ఉందా లేదా అని చూడను, దెబ్బ పడ్డ తర్వాత కెమెరా ఎవరి మొహం మీదికి వెళ్లింది అని చూస్తాను. కొట్టినవాడి కళ్లలో నీళ్లు చూపిస్తుందా? పక్కన నిలబడ్డ అత్తగారు తృప్తిగా తల ఊపడం చూపిస్తుందా? దెబ్బ తిన్న మనిషి మొహం మీద ఆగుతుందా? ఆ తర్వాత ఆవిడ నోట్లో పెట్టిన మొదటి డైలాగ్ ఏమిటి? చాలా సినిమాల్లో అది "నా కళ్లు తెరిపించారు" అన్న రకం మాటే. అక్కడే నాకు కడుపులో తిప్పుతుంది, దెబ్బ దగ్గర కాదు.

దేవదాసు సంగతి చూడండి. ఆ దెబ్బ ఎందుకు పడిందో చాలామంది మర్చిపోతారు. అంతకుముందు పార్వతి అర్ధరాత్రి పరువు పక్కన పెట్టి అతని గదికి వెళ్లింది. అతను తండ్రికి భయపడి వెనకడుగు వేశాడు, ఊరు వదిలి వెళ్లి ఉత్తరం రాశాడు. ఆవిడకి ఇంకో సంబంధం కుదిరాక తిరిగొచ్చి ఇప్పుడు సరే అన్నాడు. ఆవిడ నాకూ అభిమానం ఉంది అంది. దానికి కొట్టాడు. అంటే కాదన్నందుకు కొట్టాడు. అందమైన చంద్రుడికీ మచ్చ ఉంది అని శరత్ అతని చేత అనిపిస్తాడు కూడా. ఆ తర్వాత ఆ మచ్చే తనకి మిగిలిన ఊరట అని పార్వతి చేతే చెప్పించాడు. నా మటుకు ఆ కథలో అన్నిటికన్నా భయపెట్టేది ఈ చివరి మాటే. భన్సాలీ 2002లో హిందీలో మళ్లీ తీసినప్పుడు కర్ర పోయి ముత్యాల హారం వచ్చింది, నుదుటి మీద రక్తం మాత్రం అలాగే ఉంది, చూడ్డానికి ఇంకా అందంగా కూడా ఉంది. ఎనభై ఐదేళ్ల తర్వాత కూడా ఆ దెబ్బని అలంకరించి చూపించారు. మరి అది ఆ కాలం తప్పు అని ఎలా అంటాం?

కాలం అనే మాట మీదే ఇంకొక్కటి చెప్తాను. 1979లో బాలచందర్ ఇది కథ కాదు తీశారు. అందులో అనుమానంతో పెళ్లాన్ని కాల్చుకుతినే మొగుడు చిరంజీవి, ఆ భార్య జయసుధ. సినిమా మొత్తం జయసుధ వైపు నిలబడుతుంది. సొంత అత్తగారే కొడుకుని వదిలి కోడలి పక్షం వస్తుంది. అప్పట్లో చూసినవాళ్లకి ఆ మొగుడు దుర్మార్గుడని ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. పదమూడేళ్లు గడిచాయి, 1992. అదే చిరంజీవి, ఘరానా మొగుడు. ఫ్యాక్టరీ యజమానురాలు నగ్మా, ఆవిడ పొగరు దించే కార్మికుడు మన హీరో. ఆవిడ మెడ వంగుతున్న కొద్దీ హాల్లో ఈలలు. అదే ఏడాది తమిళంలో ఇదే కథ మన్నన్‌గా వచ్చింది. అందులో యజమానురాలు విజయశాంతి, కర్తవ్యంలో పోలీసాఫీసర్‌గా జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషి. రజనీకాంత్ చేతిలో చెంపదెబ్బ తిని చివరికి దారికొస్తుంది. పాత సినిమా అంటే కొట్టడం, కొత్త సినిమా అంటే కొట్టకపోవడం అన్న లెక్క ఏమీ లేదు మాస్టారూ. 1979లో తప్పని తెలిసింది 1992 నాటికి మర్చిపోయారా? మర్చిపోలేదు. ఈలలు ఎటువైపు వస్తే సినిమా అటు తిరిగింది, అంతే.

డల్లాస్_రాజు:

ఇది మన ఒక్కరి గొడవే కాదండీ. ఇక్కడ అమెరికాలో జాన్ ఫోర్డ్ తీసిన ది క్వైట్ మ్యాన్ అని 1952 సినిమా ఉంది, దర్శకుడికి ఆస్కార్ వచ్చింది. ఐర్లాండ్ పల్లె అందాలతో చాలామందికి పండగ సినిమా. అందులో జాన్ వేన్ భార్య మారీన్ ఓహారాని రైల్వే స్టేషన్ నుంచి పొలాల మీదుగా ఈడ్చుకుంటూ పోతుంటే ఊరంతా సరదాగా వెనక నడుస్తుంది, ఒక ముసలావిడ దారిలో ఎదురొచ్చి కొట్టుకోవడానికి కర్ర కూడా ఇస్తుంది. దాన్ని నవ్వుకోవడానికే పెట్టారు. షాన్ కానరీ అయితే 1965లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆడదాన్ని చెంపమీద కొట్టడం అంత తప్పేం కాదన్నాడు, 1987లో టీవీలో బార్బరా వాల్టర్స్ అదే మాట గుర్తుచేస్తే వెనక్కి తీసుకోలేదు.

మీ ప్రశ్నకి పనికొచ్చేది చెప్తాను. పాత సినిమాలే వేసే టీసీఎం చానల్ 2021 మార్చిలో ఇలాంటి ఇబ్బంది ఉన్న సినిమాలు ఏరి వరసగా వేసింది. గాన్ విత్ ద విండ్, సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్ లాంటివి. ఒక్క సీను కూడా తీయలేదు, సినిమాతో పాటు చానల్ వాళ్లే కూర్చుని ఇది ఎందుకు ఇష్టం, ఇందులో ఏది మింగుడుపడదు అని మాట్లాడుకున్నారు. వాళ్లందరూ ఆ సినిమాల్ని ప్రేమించేవాళ్లే కాబట్టి వినబుద్ధేసింది. మీ హాల్లో కూడా అలా చేయొచ్చు. స్క్రీన్ మీద హెచ్చరిక వేయడం మాత్రం దండగ, 2012 నుంచి సిగరెట్ సీన్ల కింద వస్తున్న అక్షరాలు ఎవరు చదువుతున్నారు?

పెన్నా_తీరం:

వెన్నెలమ్మా, ఈలల మాట ఎత్తావు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. ఈలలు మగవాళ్ల వైపు నుంచే రాలేదు.

మాది నెల్లూరు జిల్లాలో చిన్న ఊరు. మా హాల్లో ఆడవాళ్లకి వేరే వైపు ఉండేది, మధ్యలో నడుమెత్తు గోడ. చంటిపిల్లల్ని, మరమరాల పొట్లాల్ని పట్టుకుని మ్యాట్నీకి వెళ్లేవాళ్లం. డబ్బున్న కోడలు అత్తని పట్టుకుని నోటికొచ్చినట్టు అంటుంది, వేరు కాపురం పెడదాం అంటుంది, మొగుడు అంతవరకు ఓర్చుకుని ఫెడీమని ఒకటి ఇస్తాడు. గోడకి ఇవతల మా వైపు నుంచే చప్పట్లు! అత్తగారు అడ్డం వచ్చి "ఏందిరా ఆడపిల్ల మీద చెయ్యి" అని కొడుకుని కోప్పడుతుంది, కోడలు ఏడుస్తూ అత్త కాళ్లమీద పడుతుంది. అప్పుడు మావాళ్లు పైట చెంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఇంటి దగ్గర ఒంటి మీద దద్దుర్లు తేలి, నీళ్ల బిందె తగిలిందక్కా అని చెప్పేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు.

ఎందుకు కొట్టారంటే, తెర మీద దెబ్బ తినే మనిషి మాలాంటిది కాదు. ఆవిడ షావుకారు కూతురు, కారు నడుపుతుంది, కాలేజీ చదివింది, చేతుల్లేని జాకెట్టు వేసుకుంటుంది, పనివాళ్లని కసురుతుంది. హీరో లారీ డ్రైవరో, మిల్లు కార్మికుడో, రిక్షా తొక్కేవాడో. ఆవిడ నాన్న మీద, ఆ మేడ మీద, వాళ్ల డబ్బు మీద మాకున్న కసి ఆ చెంప మీద తీరేది. మేడ యజమానిని కొట్టే ధైర్యం కథకి లేదు. ఇంటర్వెల్ తర్వాత ఆయన మంచివాడైపోయి అల్లుణ్ణి కౌగిలించుకునేవాడు. బాకీ అంతా కూతురు కట్టింది. ఘరానా మొగుడు కూడా అదే కదమ్మా, ఫ్యాక్టరీ ఎవరిది, కూలి ఎంత అని మొదలై చివరికి పెళ్లాం దారికొచ్చిందా లేదా అన్న దగ్గర ఆగుతుంది.

ఆ 1992 సంవత్సరం నాకు ఇంకో రకంగా గుర్తు. మా జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. రాత్రి చదువుల్లో అక్షరాలు నేర్చుకుంటూ, ఆ పాఠాల్లో తాగుబోతు మొగుడి కథ చదివి, ఇది మన కొంపే కదా అనుకుని లేచారు. పక్క ఊళ్లకి పాకింది, చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా వేలం పాటలే ఆపేశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ చేయాల్సొచ్చింది. కూలి డబ్బులు తగలేస్తున్నాడని ఎంత ఏడుపో, తాగొచ్చి కొడుతున్నాడని అంతకంటే ఎక్కువ ఏడుపు. సభల్లో ఎవరు మైకు పట్టుకున్నా ఆ దెబ్బల సంగతే చెప్పింది. ఆ 1992లోనే పక్క టౌన్లో ఘరానా మొగుడు హౌస్‌ఫుల్లుగా ఆడింది. కాబట్టి ఆ రోజుల్లో అది తప్పని ఎవరికీ తెలియదు అని దయచేసి అనొద్దు. తెలుసు. తెర మీద వేరే లెక్క, ఇంట్లో వేరే లెక్కగా పెట్టుకున్నాం. ఇప్పుడు మీ గ్రూపులో ఆ అమ్మాయి అడిగిందంటే, ఆ రెండు లెక్కలూ ఒకటే అంటోంది. నాకు సంతోషంగా ఉంది.

లాయరమ్మ:

పెద్దమ్మ గారు చెప్పిన కోడలు, అత్తగారి సీను దగ్గరే ఒక లెక్క చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21. ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా మొగుడు భార్యని కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు చెప్పడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం లాంటివి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది దాకా ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. ఆడవాళ్లే. మొత్తం దేశంలో ఇంత ఎక్కువ ఎక్కడా లేదు, హిమాచల్‌లో అయితే 15 లోపే. అన్నిటికన్నా ఎక్కువమంది ఒప్పుకున్న కారణం ఏమిటంటే, అత్తమామల్ని గౌరవించకపోవడం. మన సినిమాల్లో చెంపదెబ్బ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే. సినిమా వల్ల జనం ఇలా ఉన్నారని నేను అనను, జనాన్ని చూసే సినిమా అలా రాశారని కూడా అనొచ్చు, కానీ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

నేను ఫ్యామిలీ కోర్టు కేసులు చూస్తాను. కొత్తగా వచ్చే ఆవిడ కుర్చీ అంచున కూర్చుంటుంది, చేతిలో పర్సు గట్టిగా పట్టుకుని. మొదట కట్నం గురించి, ఆడపడుచు గురించి, ఫోన్ చెక్ చేయడం గురించి చెప్తుంది. కొట్టాడా అని అడిగితే "అబ్బే, కొట్టడం అంటే అలా ఏం లేదు మేడమ్, కోపంలో ఒకటి రెండు సార్లు" అంటుంది. 2005 గృహహింస చట్టంలో అలాంటి కొలతే లేదు, ఒక్క దెబ్బయినా హింసే, మాటలతో చేసేది, డబ్బు ఆపేసి చేసేది కూడా హింసే, రక్షణ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. ఈ మాట చెప్పగానే చాలామంది మొహంలో మొదట వచ్చేది ఊరట కాదు, భయం. కేసు పెడితే ఇల్లు పోతుందేమో అని. తెర మీద దెబ్బ తర్వాత ఇల్లు నిలబడటమే కదా ఇన్నేళ్లూ చూపించింది. దెబ్బ పడింది, కాపురం చక్కబడింది.

మారిందా అని శనివారం_సినిమా గారు అడిగారు. ఒకచోట మాత్రం నిజంగా మారింది. ఇదివరకు కూతుర్ని సర్దుకుపోమని చెప్పి బస్సెక్కించే తల్లులే ఎక్కువ. ఇప్పుడు కూతురితో పాటు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటున్నారు, మా రోజుల్లో మేం పడ్డాం, ఇది ఎందుకు పడాలి అని వాళ్లే ముందు నోరు తెరుస్తున్నారు. 84 మంది లెక్కలో వాళ్లు ఎటు ఉన్నారో చెప్పలేను, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం జవాబు వేరే.

సెన్సార్ సంగతి కూడా ఒక్క ముక్క. స్త్రీలను కించపరిచే సీన్లు ఉండకూడదని 1991 డిసెంబరు మార్గదర్శకాల్లోనే స్పష్టంగా ఉంది. మీరంతా చెప్తున్న 1992 సినిమాలు ఆ తర్వాతే హాళ్లలోకి వచ్చాయి. కాబట్టి కత్తెర మీద ఆశ పెట్టుకోకండి, మీ హాల్లో కూడా.

ఓరుగల్లు_బిడ్డ:

అందరూ 1953, 1992 దగ్గరే ఆగిపోయారు. మా వయసోళ్ల సినిమా అర్జున్ రెడ్డి, 2017. నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు వచ్చింది, మా హాస్టల్ మొత్తం పోయినం. అర్జున్ ప్రీతిని చెంపమీద కొట్టినప్పుడు హాల్లో ఎవరూ షాక్ కాలేదు. కోపం వచ్చింది, ప్రేమ ఎక్కువ, అంతే అనుకున్నరు. తర్వాత హిందీలో తీసినాక 2019లో దాని దర్శకుడు సందీప్ వంగా ఒక ఇంటర్వ్యూలో, ఒకరినొకరు చెంపదెబ్బ కొట్టుకునే చనువు లేకపోతే అందులో ఎమోషన్ ఉన్నట్టు తనకు కనిపించదని అన్నడు. అప్పుడు సమంత, చిన్మయి బహిరంగంగానే తప్పుపట్టిన్రు. మా క్లాస్ గ్రూపులో అమ్మాయిలు అంతకుముందు ఎన్నడూ అట్ల మాట్లాడలేదు. ఒకామె రాసింది, "కొట్టే చనువు ఇద్దరికీ ఉందంటున్నరు, కానీ దెబ్బ పడ్డాక భయపడేది ఎప్పుడూ ఒక్కరే" అని. దానికి మా దగ్గర ఎవ్వరూ జవాబు చెప్పలేకపోయిన్రు. మరుసటి ఏడాది తాప్సీ థప్పడ్ వచ్చింది. పార్టీలో అందరి ముందు మొగుడు ఒక్కటంటే ఒక్కటే కొడతడు, సినిమా మొత్తం ఆ ఒక్క దెబ్బ మీదే నడుస్తది. చూసి మా అక్క రెండు రోజులు సరిగ్గా మాట్లాడలే.

వెన్నెల గారి మాటకి ఒక చిన్న తేడా. దేవదాసుని అర్జున్ రెడ్డి పక్కన పెట్టకండి. దేవదాసు కొట్టినందుకు గెలవలేదు. పిరికివాడై, తాగుడుకి బానిసై, ఆఖరికి పార్వతి గుమ్మం ముందు దిక్కులేకుండా పోయిండు. సినిమా అతని మీద జాలి చూపించింది కానీ అతన్ని మెచ్చుకోలేదు. అర్జున్‌కి మాత్రం చివర్ల అన్నీ తిరిగొచ్చినయ్.

వెన్నెల_87:

ఓరుగల్లు తమ్ముడూ, ఆ తేడా ఒప్పుకుంటున్నాను, నిజమే. దేవదాసు పతనాన్ని సినిమా దాచలేదు. నా పేచీ అతనితో కన్నా మచ్చతోనే. అతను నాశనమైపోయాడు సరే, కొట్టినందుకు కాదు కదా, పార్వతిని పోగొట్టుకున్నందుకు. ఆ దెబ్బ తప్పని ఆ కథలో ఎవరూ అనలేదు, చంద్రముఖి కూడా. సావిత్రి గారు మాత్రం ఆ సీన్లో మొహంతో ఏదో అన్నారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. దెబ్బ పడ్డ క్షణంలో ఆ కళ్లు ఒకసారి చూడండి, అందులో ప్రేమ కన్నా ముందు నివ్వెరపాటు ఉంటుంది. డైలాగ్ ఒప్పుకోని మాట ఆ మొహం చెప్పేసింది. అందుకే ఆ సీను తీసేయకూడదు అంటాను.

గుంటూరు_మాస్టారు:

అమ్మా వెన్నెలా, సత్యభామ గురించి నువ్వు చెప్పింది సబబుగా ఉంది. ఆ ప్రబంధం ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. తన్నాక కృష్ణుడు అన్న పద్యాన్ని ఎప్పుడూ శృంగారంగానే చెప్పాను, తన్నినందుకు కథ వసూలు చేసిన మూల్యంగా కాదు. మళ్లీ చదువుతాను. కానీ ఒక విషయంలో నా మాట మారదు. పెద్దవాళ్లని మీరంతా తప్పు చూసి ఊరుకున్నారు అని నిలదీస్తే ఆ హాల్లోకి మళ్లీ ఎవరూ రారు. పెన్నా తీరం చెల్లెమ్మలా, ఎందుకు చప్పట్లు కొట్టామో చెప్పుకునే చోటు ఇవ్వండి. వాళ్లకి చెప్పడానికి చాలా ఉంటుంది.

శనివారం_సినిమా:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. సినిమా మార్చట్లేదు, కట్ చేయట్లేదు, స్క్రీన్ మీద హెచ్చరిక కూడా వేయట్లేదు. పోస్టర్ కింద మాత్రం, ఇందులో ఒక కొట్టే సీను ఉంది, చిన్నపిల్లల తల్లిదండ్రులు గమనించండి అని ఒక లైను రాశాను. దానికి ఆ పెద్దాయన కూడా అభ్యంతరం చెప్పలేదు. మూడో అంతస్తు అమ్మాయితో మాట్లాడాను, సినిమా అయ్యాక చర్చ నడిపిస్తానంది. సినిమా మూడు గంటల పైనే కాబట్టి సాయంత్రం అయిదుకే మొదలుపెడుతున్నాం, లేకపోతే చర్చకి ఎవరూ మిగలరు. వచ్చే నెలకి ఇది కథ కాదు వేద్దామని గ్రూపులో పెట్టాను, చిరంజీవి విలన్‌గానా అని కుర్రాళ్లు చాలా ఆసక్తి చూపిస్తున్నారు. చర్చ ఎలా నడపాలో ఎవరైనా సలహా ఇస్తారా?

పెన్నా_తీరం:

మైకు ముందు అమ్మమ్మల చేతికివ్వు నాయనా. మగవాళ్లు మొదలుపెడితే అక్కినేని నటన గురించి, ఘంటసాల పాటల గురించి గంట మాట్లాడతారు, అసలు సంగతి రాదు. "ఈ సీను మొదటిసారి ఎక్కడ చూశారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏమన్నారు" అని అడగమను ఆ అమ్మాయిని. తప్పా ఒప్పా అని అడగొద్దు, అలా అడిగితే అందరూ తప్పే అని ఒక్క ముక్కలో తేల్చేసి టీ దగ్గరికి పోతారు. కుర్చీలు కూడా వరసల్లో కాకుండా చుట్టూ వేయించు, వెనక కూర్చున్నవాళ్లు నోరు విప్పరు.